సవరణ: కుర్చీ జరిపింది ఎవరు?

వరి పండించే చోట మనుషులు కలివిడిగా, ఒకరికొకరు ఒదిగి ఉంటారని, గోధుమ పండించే చోట ఎవరి దారి వాళ్లదిగా ఉంటారని ఒక వాదన ఉంది. దాని మీద మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది నా కంగారు వల్లే. చైనా నగరాల్లోని కాఫీ షాపుల్లో పరిశోధకులు దారికి అడ్డంగా కుర్చీలు పెట్టి, ఎవరేం చేస్తారో చూశారు (ఆ పరిశోధన 2018లో వెలువడింది). దక్షిణాది వాళ్లు జరిపారని రాశాను. జరిగింది తలకిందులు. కుర్చీ జరిపినవాళ్లు గోధుమ పండే ఉత్తరాదిలో ఎక్కువ. వరి పండే దక్షిణాదిలో ఎక్కువమంది ఒళ్లు కుదించుకుని ఆ సందులోంచే దూరి వెళ్లారు. కాఫీ తాగడానికొచ్చిన పట్నవాసులు కదా, వాళ్లకు నాట్లతో ఏం పని? నాకు ఇప్పటికీ వింతే.

రెండోది, 'వానలే కలివిడి నేర్పాయి' అన్న మాట. వరి గురించిన ఆ వాదన వాన మీద కాదు, నీటి పంపకం మీద నిలబడింది. పై మడివాడు వదిలితేనే కింది మడి తడుస్తుంది. నాట్లు అందరికీ ఒకేసారి మీద పడతాయి, బదులు పని లేకుండా గట్టెక్కలేరు.

'ఈ తేడా పంట వల్లేనా, వేరే కారణమా?' అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. చైనాలోని నింగ్‌షియా ప్రాంతంలో ఒకటి వరి, ఒకటి గోధుమ పండించే రెండు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలను పోల్చిన 2024 అధ్యయనం మాత్రం పంట వైపే మొగ్గింది.