ఒక్క ఫిర్యాదుకే డాక్టర్ లైసెన్స్ ఎగిరిపోతుందా?

శ్రీకాకుళం, విజయనగరం డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. "పేషెంటు ఒక్క ఫిర్యాదు పెడితే లైసెన్స్ పోయినట్టే. కేస్ షీట్ ఎవరి చేతికీ ఇవ్వకండి. అడ్మిషన్‌లోనే అన్ని ఫారాల మీదా సంతకాలు పెట్టించుకోండి, ఇక టెన్షన్ ఉండదు" అని దాని సారాంశం. ఆ మెసేజ్ చెప్పిన రోగమూ తప్పే, రాసిచ్చిన మందూ తప్పే.

ఫిర్యాదు వెళ్లగానే మెడికల్ కౌన్సిల్ పేరు కొట్టెయ్యదు. డాక్టరు తన వాదన చెప్పుకోవచ్చు, లాయర్ని పెట్టుకోవచ్చు. శిక్ష పడినా 60 రోజుల్లో జాతీయ మెడికల్ కమిషన్‌లోని ఎథిక్స్ బోర్డుకు అప్పీలుంది. కన్స్యూమర్ కోర్టు పరిహారం ఇప్పించగలదు గానీ లైసెన్స్ తీసెయ్యలేదు. పేషెంటు చనిపోయినంత మాత్రాన క్రిమినల్ కేసు నిలవదని, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

కేస్ షీట్ దాచెయ్యమన్న సలహాయే అసలు ముప్పు. డాక్టర్ల నడవడిపై మెడికల్ కౌన్సిల్ పెట్టిన 2002 నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు భద్రపరచాలి. పేషెంటు గానీ, అతని తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే వైద్యంలో ఏ లోపం లేకపోయినా అదొక్కటే వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. అయినా ఉద్దానం కిడ్నీ పేషెంటుని విశాఖ కేజీహెచ్‌కు పంపితే, కిడ్నీ పనితీరు చెప్పే పాత క్రియాటినిన్ రిపోర్టులు, వాడిన మందుల వివరాలు లేకుండా అక్కడివాళ్లు ఏం చేస్తారు? కాగితాలు ఆపితే, అప్పటిదాకా నమ్మకంగా ఉన్న బంధువులకు కూడా అనుమానం మొదలవుతుంది. (మెసేజ్ రాసినాయన ఏనాడూ కేస్ షీట్ నింపినట్టు లేడు.)

ముందస్తు సంతకాల సంగతి. ఆపరేషన్ పేరు దగ్గర ఖాళీ, డాక్టర్ పేరు దగ్గర ఖాళీ, తేదీ లేదు, కింద మాత్రం వేలిముద్ర. అలాంటి ఫారం దొరికితే అవతలి లాయరుకు పండగే. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు చెల్లదని సమీరా కోహ్లి కేసులో 2008లోనే తీర్పు వచ్చింది.

మెసేజ్ ముట్టుకోనివి వేరే ఉన్నాయి. తెలిసినవాళ్ల అబ్బాయి సెలవు కోసం లేని జ్వరానికి సర్టిఫికెట్ రాసిస్తే అది మొహమాటం కాదు, తప్పుడు సర్టిఫికెట్. అంతకన్నా ప్రమాదం స్కానింగ్ గది. గర్భిణికి స్కాన్ చేసి ఆ స్కాన్ వివరాలు రాయాల్సిన ఎఫ్ ఫారం సరిగ్గా నింపకపోతే, "రిసెప్షన్ అమ్మాయి మర్చిపోయిందండీ, చిన్న రాతపొరపాటే కదా" అన్న వాదనకు 2019లో సుప్రీంకోర్టు తలుపులు మూసేసింది. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద కోర్టు అభియోగాలు మోపితే, కేసు తేలేదాకా రిజిస్ట్రేషన్ సస్పెండ్ చెయ్యొచ్చు. నేరం రుజువైతే మొదటిసారి 5 ఏళ్లు, మరోసారి దొరికితే శాశ్వతంగా రిజిస్టర్లో పేరు ఉండదు. ఇది మొదలవడానికి పేషెంటు ఫిర్యాదే రానక్కర్లేదు, తనిఖీకి వచ్చిన అధికారి ఆ ఫారాల కట్ట విప్పితే చాలు.