వరద మ్యాపులోని గీత గారికి

గీత గారూ,

నమస్కారం. అమెరికా వరద మ్యాపులో వెంట్రుకవాసి సన్నంగా కనిపిస్తారు గానీ మీ పెత్తనం మామూలుది కాదు. మీకు లోపలున్న ఇల్లు ముంపు ప్రాంతం, బయటున్న ఇల్లు సేఫ్. రెండిళ్లకీ మధ్య గోడ ఒకటే. అయినా లోపలాయనకి వరద బీమా లేనిదే బ్యాంకు లోను ఇవ్వనంటుంది. బయటాయన ఆ పాలసీ మొహం కూడా చూడడు. "మాది గీతకి బయటండీ" అని కాలు మీద కాలేసుకుని చెబుతాడు. ఆ సంగతి నదికి ఎవరూ చెప్పినట్టు లేరు.

మీ లెక్క ప్రకారం మీ అంచున ఉన్న ఇంటికి ఏ ఏడాదికా ఏడాది నీళ్లు వచ్చే అవకాశం నూటికి ఒకటి. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ల లోను తీరేలోపు ఒక్కసారైనా మునిగే అవకాశం మాత్రం 26 శాతం. ఈ ముక్క ఇల్లు అమ్మేవాళ్లెవరూ ఎత్తరు. 2017లో హార్వీ తుపాను అమెరికాలో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీని ముంచింది. అప్పుడు నీళ్లు చేరిన ఇళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు మీకు బయటే ఉన్నాయి. కాస్తయినా నామోషీ వేసిందా?

తప్పంతా మీదే అనను. మిమ్మల్ని గీసిన రోజుల్లో ఎగువన నీళ్లు నిలిచే పల్లపు నేల ఉండేది. తర్వాత అక్కడ ప్లాట్లు లేచాయి, రోడ్లు పడ్డాయి, వాన ఇంకే చోటు పోయింది. మీరు మాత్రం గీసిన చోటే ఉన్నారు. మిమ్మల్ని కొంచెం బయటికి జరుపుదామని ఏ ఇంజనీరో అంటే చాలు, స్థలాల ధర పడిపోతుందని అందరూ ఒక్కటవుతారు. ఆ పల్లం పూడుస్తున్నప్పుడు ఈ ఐక్యత ఎక్కడికి పోయిందో!

ఇక బీమా. అమెరికాలో మామూలు ఇంటి పాలసీలో అగ్నిప్రమాదం ఉంటుంది, దొంగతనం ఉంటుంది, వరద ఉండదు. అందుకని 1968లో ప్రభుత్వమే విడిగా ఓ పథకం పెట్టింది. టీవీలో తుపాను హెచ్చరిక చూసి పరుగెత్తితే లాభం లేదు, మామూలుగా 30 రోజులు ఆగితే గానీ పాలసీ అమల్లోకి రాదు. తుపాను అన్నాళ్లు ఆగదు. అదే పథకంలో, స్థానికులంతా పూనుకుని మురుగు కాలువలు బాగుచేసుకుని, పల్లపు నేలని ఖాళీగా వదిలేస్తే ప్రీమియంలో 45 శాతం దాకా తగ్గింపు కూడా ఉంది. దీనికి మీటింగు పెడితే కుర్చీలే మిగులుతాయి. మిమ్మల్ని జరపొద్దని అర్జీ పెడితే సంతకాలకి కాగితం చాలదు.

నీళ్లు తీశాక సర్వేయరు వచ్చి గోడ మీది బురద చారకి టేపు పెడతాడు. రెండిళ్లలోనూ చార ఒకే ఎత్తు. లోపలాయన తడిసిన పరుపుకి ఫొటోలు తీసుకుంటుంటాడు. బయటాయన మీ మ్యాపు ప్రింటు పట్టుకుని "ఇక్కడికి నీళ్లు రాకూడదండీ" అని వాదిస్తుంటాడు, మోకాలి దాకా బురదలో నిలబడి.

అందుకే ఒక్క మనవి. వచ్చే సవరణలో మిమ్మల్ని కాస్త లావుగా గీయించుకోండి, ఆ రెండిళ్లూ మీ కిందకే వచ్చేంత లావుగా.

ఇట్లు,
మీకు బయటే ఉండి కూడా పాలసీ కట్టి, ఇరుగుపొరుగుకి నవ్వులపాలైన ఓ ఇంటి యజమాని