కాళ్ల దగ్గర మొదలుపెట్టే కెమెరా గారికి

మహారాజశ్రీ కెమెరా గారికి,

ములుగు జిల్లాలో ఒక సర్కారు హైస్కూల్లో బయాలజీ చెప్పే టీచరు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు. శుక్రవారం థియేటర్లోను, మిగతా ఆరు రోజులు ఫోన్లోను మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. మీకు ఉత్తరం రాయాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. మీరు నిలువెల్లా కన్నే కదా, చదవడానికి ఇబ్బంది ఉండదని ధైర్యం చేశాను.

మొన్న ఒక పెద్ద సినిమా ట్రైలర్ వచ్చింది. పేరు చెప్పను, చెప్పినా తేడా ఏమీ ఉండదు. పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ ఎర్ర పెన్ను చేతిలో ఉండగానే చూశాను. ముందు హీరో గారొచ్చారు. మీరు ఆయన కాళ్ల దగ్గర మొదలుపెట్టారు. బూటు నేల మీద పడింది, దుమ్ము లేచింది, నేల బీటలువారింది. అక్కడి నుంచి పిడికిలి, మెడ నరం, గడ్డం, కళ్లు. మీరు కళ్ల దాకా చేరేసరికి నలుగురు రౌడీలు గాల్లో ఉన్నారు.

తర్వాత హీరోయిన్ వచ్చింది. ఆమె దగ్గర కూడా కాళ్ల నుంచే మొదలుపెట్టారు. పక్షపాతం లేదులే అనుకున్నాను. పట్టీ, పిక్క, ఆ తర్వాత నడుము. నడుము దగ్గర మీకేదో పని పడింది. టీ తాగొస్తానని దిగిన డ్రైవరు మళ్లీ ఎక్కని బస్సులా అక్కడే ఉండిపోయారు. అక్కడి నుంచి బయల్దేరి, దారిలో ఇంకో రెండు చోట్ల ఆగి, మొహం దాకా చేరేలోపే ట్రైలర్లో ఆమె వంతు అయిపోయింది. డైలాగు ఒకటుంది. "ఛీ పో". అది మీతోనే అని ఉంటే బాగుండేది.

మీ పనితనాన్ని మా పిల్లలకు లెక్కగా చెప్పొచ్చు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. మీరు సెకనుకు 120 తీసి, 24 చొప్పున వదులుతారు. ఒక్క సెకను అయిదు సెకన్లవుతుంది. పైట గాలికి కదిలి మళ్లీ సర్దుకునేంత సేపును మీరు అయిదింతలు సాగదీస్తారు. బస్టాండులో ఏ మగాడైనా అలా అయిదు సెకన్లు చూస్తే మా ఊళ్లో చెప్పు తీస్తారు. మీకు వ్యూస్ ఇస్తారు.

నా చిన్నప్పుడు మీరింత కష్టపడేవారు కాదు. మీరు ఒకచోట కూచుంటే పళ్లే వచ్చి హీరోయిన్ బొడ్డు మీద పడేవి. ద్రాక్ష, దానిమ్మ, యాపిల్, బత్తాయి. అన్ని రకాలు బాటసింగారం మార్కెట్లో కూడా ఒక్క పూట దిగవు. మా అమ్మ థియేటర్లో నా పక్కన కూచుని "ఎన్ని పండ్లు ఆగం జేస్తున్రు" అని బాధపడేది. ఆవిడ అభ్యంతరమంతా పండ్ల గురించే.

మిమ్మల్ని అడిగేవాళ్లు లేరనడం లేదు. 1986లో స్త్రీలను అసభ్యంగా చూపించకూడదని ఒక చట్టం చేశారు. ప్రకటనలు, పుస్తకాలు, బొమ్మలు దాని కిందికొస్తాయి. సినిమా దగ్గరికొచ్చేసరికి, దాన్ని చూసుకోవడానికి సెన్సారు బోర్డు ఉంది కదా అని మినహాయించారు. సెన్సారు బోర్డేమో థియేటర్లో ఆడేదాన్ని చూస్తుంది. మీరు నేరుగా యూట్యూబ్‌లో వదిలే టీజర్‌ను దానికి ముందుగా చూపించే పని లేదు. అదే టీజర్లో గుర్రాన్ని పరిగెత్తించాలంటే జంతు సంక్షేమ బోర్డు దగ్గర కాగితం తెచ్చుకోవాలి. థియేటర్లో హీరో సిగరెట్ ముట్టిస్తే కింద హెచ్చరిక పడాలి. గుర్రానికీ ఊపిరితిత్తులకూ ఉన్న దిక్కు నడుముకు లేకపోయింది.

2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ గట్టిగానే మాట్లాడింది. పాటల్లో అసభ్యమైన స్టెప్పులు వేయించొద్దని దర్శకులకు, కొరియోగ్రాఫర్లకు చెప్పింది. మాట్లాడిందంతా స్టెప్పుల గురించి. స్టెప్పు వేస్తున్నప్పుడు మీరు ఎక్కడ కూచున్నారన్నది ఎవరికీ తట్టినట్టు లేదు. రెండు నెలలు తిరక్కుండానే అదే రాష్ట్రానికి మిస్ వరల్డ్ పోటీలొచ్చాయి. మీరు బంధుమిత్ర సపరివారంగా దిగారు.

ఆ పోటీల విషయంలో నేనేదో పవిత్రురాలినని చెప్పుకోను. 1994లో సుస్మితా సేన్ మిస్ యూనివర్స్, ఐశ్వర్యారాయ్ మిస్ వరల్డ్ అయినప్పుడు నేను ఏడో తరగతి. సుస్మిత పుట్టింది హైదరాబాద్‌లోనే అని మా సోషల్ సారు క్లాసంతా చాక్లెట్లు పంచారు. 1997లో గెలిచిన డయానా హేడెన్ కూడా హైదరాబాదీయే. అప్పటిదాకా మా వీధిలో అందమంటే సున్నిపిండి, కొబ్బరినూనె, తల్లో కనకాంబరాలు. ఏడాది తిరిగేసరికి మండల కేంద్రంలో బ్యూటీ పార్లర్ వెలిసింది, బోర్డు మీద ఐశ్వర్యారాయ్ బొమ్మతో. ఆ సంగతి ఐశ్వర్యారాయ్‌కు తెలిసి ఉండదు. మా పెద్దనాన్న కూతురు, అయిదడుగుల ఒక అంగుళం మనిషి, పొడుగవుతానని రోజూ పొద్దున తలుపు చట్రం పట్టుకుని వేలాడేది. ఏడాది వేలాడింది. అంగుళం పెరగలేదు. తలుపు మాత్రం ఇప్పటికీ సరిగా పడదు.

ఈ మిస్ వరల్డ్ మొదలైందే 1951లో, లండన్లో, బికినీల పోటీగా. 1996లో బెంగుళూరులో జరిపితే గొడవలు లేచాయి. అప్పుడు ఈత దుస్తుల పోటీ ఒక్కదాన్నీ సీషెల్స్ దీవులకు తీసుకెళ్లి కానిచ్చారు. పాపం చేయడానికి పొలిమేర దాటినట్టు. 2015 నుంచి ఆ ఈత దుస్తుల పోటీనే ఎత్తేశారు. ఇప్పుడు సేవ, సంకల్పం అంటున్నారు. 1966లో గెలిచిన రీటా ఫారియా మెడిసిన్ చదువుతుండేది. కిరీటం ముచ్చట ఏడాదిలో ముగించుకుని వెళ్లి డాక్టరయింది. ఆవిడ బొమ్మతో పార్లర్ బోర్డు నేనెక్కడా చూడలేదు.

సరే, 2025 మే 14న ఆ సుందరీమణులు మా రామప్పకొచ్చారు. నేను టీవీలో చూశాను. వాళ్లను వరసగా కూచోబెట్టి, మా వైపు ఆడవాళ్లు చెంబులతో నీళ్లు పోసి కాళ్లు కడిగారు, తువ్వాళ్లతో తుడిచారు. మీరు అలవాటు కొద్దీ కాళ్ల దగ్గరే ఉన్నారు. కడిగించుకుంటున్న కాళ్లు కనబడ్డాయి, కడుగుతున్న చేతులు కనబడ్డాయి. చేతులున్నవాళ్ల మొహాలు వంగి ఉన్నాయి కాబట్టి మీకు అక్కర్లేకపోయాయి. గుడికి వెళ్లేముందు కాళ్లు కడుక్కోవడం మన ఆచారం కాదా అని ఒకరు, ఇది మన ఆడవాళ్లకు అవమానం అని ఇంకొకరు టీవీల్లో కొట్టుకున్నారు. కడుక్కోవడానికీ కడిగించుకోవడానికీ తేడా ఏమిటో మా తెలుగు సారు ఒక్క పీరియడ్లో చెప్పేవారు. ఆయన్ను ఎవరూ పిలవలేదు.

రామప్ప అన్నాను కాబట్టి ఒక మాట. ఆ గుడి 1213 నాటిది. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, ఉంటారు. గైడు ఎవరిని తీసుకొచ్చినా ఎత్తు మడమల చెప్పులేసుకున్న ఆమె దగ్గర ఆపి, "చూడుండ్రి, ఎనిమిది వందల ఏండ్ల కిందనే హైహీల్స్" అంటాడు. అందరూ తలెత్తి ఆమె కాళ్లు చూస్తారు. ఆ శిల్పి కూడా మీ పూర్వీకుడే, దాచను. నడుమును పిడికిట్లో పట్టేలా చెక్కాడు. బయాలజీ ప్రకారం ఆ నడుములో పేగులకు చోటు చాలదు. కానీ ఆయన మొహం దాకా వెళ్లాడు. చేతివేళ్ల కణుపుల దాకా వెళ్లాడు. వెనక వైపు కూడా వదల్లేదు అని మీరు అంటారేమో, అనండి. ఉలి పట్టినవాడు ఎక్కడెంత సేపు ఉన్నా, చివరికి మనిషిని మొత్తంగా నిలబెట్టి దిగాడు.

మా ఎనిమిదో తరగతిలో కౌమారదశ అని ఒక పాఠం ఉంది. అందులో అమ్మాయిల శరీరంలో వచ్చే మార్పులు చెప్పాలి. "రొమ్ములు" అనగానే అమ్మాయిలు బల్ల మీది గీతలు లెక్కపెడతారు. అబ్బాయిల వరసలో అందరికీ ఒకేసారి దగ్గొస్తుంది. నాకన్నా ముందు పనిచేసిన సారు "ఇది ఇంటికాడ చదువుకోండి" అని పేజీ తిప్పేసేవారట. మీరు రోజుల తరబడి తిష్ఠ వేసే చోటు పేరును మేం బడిలో పైకి పలకలేం.

హైదరాబాద్‌లో కిరీటం గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతకు పదహారేళ్లప్పుడు రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేశారు. అది క్యాన్సర్ కాదు. ఆ తర్వాత ఆమె రొమ్ము క్యాన్సర్ గురించి నలుగురికీ చెప్పే పని పెట్టుకుంది. దాని గురించి పోటీలోనూ మాట్లాడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. బడి తెరిచాక మా పిల్లల్ని అడిగాను, మిస్ వరల్డ్ చూశారా, ఏం గుర్తుంది అని. "గౌను మస్తుండె మేడం." "ఎంత సన్నగున్నదో మేడం." "గిట్ల చెయ్యి ఊపింది మేడం." అందరూ లేచి చెయ్యి ఊపి చూపించారు. గడ్డ సంగతి ఒక్కరికీ తెలీదు. నోటి దగ్గర మీరు ఎప్పుడూ ఎక్కువసేపు ఆగరు కదా.

నవంబరు 14, బాలల దినోత్సవం. ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఆరుగురు డాన్సు చేస్తామన్నారు. హీరోయిన్ పాట కాదు, హీరో పాట. మాస్ స్టెప్పు. ఎడమ కాలు వెనక్కి వేసి, కుడి మడమ మీద గిర్రున తిరిగి, మోకాళ్లు వంచి మూడు దరువులు. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు వారాలు చింతచెట్టు కింద నేర్చుకున్నారు. చెట్టు కింద ఆరు జతల కాళ్లకు గుంట పడింది. ప్యాంటు షర్టు వేసుకుంటామని అడిగారు. ఆడపిల్లలు కదా, లంగా ఓణీ అయితే నిండుగా ఉంటుందని స్టాఫంతా కూచుని తీర్మానించాం. ఆ తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది.

డాన్సు అదిరిపోయింది. సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. తీసినవాడు మీ శిష్యుడు. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చదవలేదు, ట్రైలర్లు చూసి నేర్చుకున్నాడు. కాళ్ల దగ్గర మొదలుపెట్టాడు. దరువు పడేలోపే పైకొచ్చి, ముందు వరసలో ఉన్న ఒక పిల్ల నడుము దగ్గర ఆగాడు. జూమ్ చేశాడు. ఆ పిల్లకు పదమూడేళ్లు. మడమ మీద తిరగడం అందులో లేదు. మూడు దరువులు వినపడతాయి, కనపడవు. పెద్దసారు ఫోన్ చేసి గట్టిగా అంటే తీసేశారు. అప్పటికే ఎన్ని ఫోన్లలోకి పోయిందో మీకే తెలియాలి.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. మర్నాడు ఇంటర్వెల్‌లో నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మేడం, నేను గంత లావున్ననా?"

తీసినవాడి మీద ఒక్క మాట లేదు. వాడు చూసిన చోట నుంచే తనూ చూసుకుంది. ఆ వారం మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు వద్దని పక్క పిల్లకు పెట్టింది. బడికొచ్చే డాక్టరమ్మ రాసిన ఆరోగ్య కార్డు తీసి చూశాను. ఉండాల్సిన దానికన్నా నాలుగు కిలోలు తక్కువుంది.

నేనేం చెప్పగలను ఆ పిల్లకు? మాకిప్పుడు హాజరు కూడా ఫోన్లో మొహం చూపించి వేయాలి. పొద్దున తొమ్మిదింటికి, చెమటతో, బస్సు దిగి వచ్చి, ఆ ఫోన్ ముందు నిలబడగానే గడ్డం కాస్త పైకెత్తుతాను. కింది నుంచి పడితే మెడ రెండు మడతలు కనబడుతుంది. ఆ ఫొటో ఏ మనిషీ చూడడు. యంత్రం చూసి, ఇది ఈవిడే అని ఒప్పుకుంటే చాలు. అయినా ఎత్తుతాను. నలభై నాలుగేళ్లొచ్చాయి.

జనవరి 26న మళ్లీ అదే డాన్సు పెట్టించాను. పెద్దసారు సందేహించారు, నేను పట్టుబట్టాను. ఈసారి బడి యూనిఫాంలో. బయటివాళ్ల ఫోన్లు గేటు దగ్గరే ఆపుతామన్నారు కానీ ఎవరు ఆగుతారు? అందుకని నా ఫోనే ఏడో తరగతి అమ్మాయి చేతికిచ్చి స్టేజీ ముందు బల్ల వేసి కూచోబెట్టాను. ఆ పిల్లకు ఆ స్టెప్పు నేర్చుకోవాలని ఒకటే పిచ్చి. రెండు వారాలు చింతచెట్టు చుట్టూ తిరిగింది, పెద్దక్కలు చేర్చుకోలేదు.

ఆ వీడియో మీకు పంపుతున్నాను. మొదటి పది సెకన్లు వేలు అడ్డొచ్చి అంతా ఎర్రగా ఉంటుంది, ఏమనుకోవద్దు. తర్వాత కాళ్లు కనబడతాయి. పన్నెండు కాళ్లు. ఆ పిల్ల కూడా కాళ్ల దగ్గరే మొదలుపెట్టింది. అక్కడి నుంచి కదల్లేదు. ఎడమ కాలు వెనక్కి పడటం, మడమ తిరగడం, మూడు దరువులకు స్టేజీ మీద దుమ్ము లేవడం, ఒకరి చెప్పు ఊడి పక్కకు పోవడం, ఆమె ఒంటి చెప్పుతోనే కానివ్వడం, అన్నీ ఉన్నాయి. పాట ఆగాక మాత్రం ఫోను పైకి లేస్తుంది. ఆరుగురూ ఆయాసపడుతూ నవ్వుతుంటారు. వాళ్లలో గుడ్డు వద్దన్న పిల్ల కూడా ఉంది.

"కాళ్లే తీసినవేందే?" అని అడిగాను.

"స్టెప్పు ఆడ్నే ఉన్నది గద మేడం" అంది.

చూసి మీ అభిప్రాయం రాయగలరు.

ఇట్లు,
బయాలజీ టీచరు