సవరణ: 1974 అల్యూమినియం సెంటు కొనడానికి దొరకదు

అమెరికాలో చలామణిలోకి రాని నమూనా నాణేల గురించి మొన్న రాసినప్పుడు, 1974 సంవత్సరం ముద్ర ఉన్న అల్యూమినియం సెంటు నాణేన్ని (డాలర్‌లో నూరో వంతు) "డబ్బుంటే ఎప్పుడో ఒకప్పుడు వేలంలో దొరుకుతుంది" అన్నాను. అది తప్పు.

రాగి ధర పెరిగిందని, దానికి బదులు అల్యూమినియం వాడి చూద్దామని 1973లోనే ఆ సెంటును 15 లక్షలకు పైగా ముద్రించారు. చేతిలో పెట్టుకుంటే మన పాత 2 పైసల బిళ్లలా తేలిగ్గా ఉండే రకం, గ్రాము కూడా తూగదు. వెండింగ్ మెషిన్లవాళ్లు వద్దన్నారు. పిల్లలు మింగితే ఎక్స్‌రేలో సరిగ్గా కనబడదని డాక్టర్లూ అడ్డు చెప్పారు. (ఈ రెండో కారణం చదివి నేనైతే కాసేపు ఆగిపోయాను.) అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యులకు చూడమని ఇచ్చినవాటిలో కొన్ని తిరిగి రాలేదు, మిగతావన్నీ దాదాపు కరిగించేశారు.

అసలు విషయం ఏంటంటే, అవి ఇప్పటికీ ప్రభుత్వ ఆస్తే. డెన్వర్ టంకశాల ముద్ర ఉన్న ఒక సెంటు 2014లో వేలానికి సిద్ధమైతే ప్రభుత్వం అడ్డుపడింది, కోర్టు గొడవ నడిచి 2016లో అది టంకశాలకే చేరింది. కాబట్టి ఎవరైనా అమ్ముతామంటే డబ్బు కట్టొద్దు.

ఇంకోటి, చిన్నదే. స్టెల్లా అనే 4 డాలర్ల బంగారు నమూనా నాణెం రెండు రకాల బొమ్మల కింద, వాటిని రూపొందించినవాళ్ల పేర్లు ఆ పోస్టులో తారుమారయ్యాయి. నాణెం మీది స్త్రీ జుట్టు వదిలేసి ఉన్న రకం చార్లెస్ బార్బర్ రూపొందించింది, జుట్టు ముడి చుట్టి ఉన్న రకం జార్జ్ మోర్గాన్ రూపొందించింది. పాత పోస్టులో రెండూ సరిచేశాను.