9 ఎం.ఎం. గోల వదిలి, ముందు నీ చొక్కా చూసుకోన్నా

కడప చుట్టుపక్కల ఎవరికైనా రివాల్వర్ లైసెన్సు వచ్చిందని తెలిస్తే చాలు, టీ అంగడి నుంచి పెండ్లి పందిరి దాకా ప్రతి ఒక్కరూ సలహా ఇచ్చేవాళ్ళే. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని రౌండ్లు (తూటాలు) పడతాయి, ఎంత దూరం పోతుంది, ఎవరి దగ్గర ఏముంది. అందరూ తుపాకీ గురించే మాట్లాడతారు, దాన్ని మోసే మనిషి గురించి మాట్లాడేవాడు ఉండడు. ఆయన పొట్ట ఎంత, చెయ్యి ఎంత, పంచె కడతాడా ప్యాంటు వేస్తాడా, రోజంతా బండి మీద తిరుగుతాడా అంగట్లో కూర్చుంటాడా, ఇవేవీ లెక్కలోకి రావు.

నేను సైన్యంలో కొత్తగా చేరిన పిల్లలకు ఆయుధాలు నేర్పించిన వాణ్ణి. రిటైరయి ఊరికి వచ్చినప్పటి నుంచి ప్రొద్దుటూరు బంగారు వ్యాపారులు, క్రషర్ ఓనర్లు, పెట్రోల్ బంకు వాళ్ళు, భూమి తగాదాల్లో ఇరుక్కున్న రైతులు ఫోన్లు చేస్తుంటారు. ఎవరు చేసినా మొదటి ప్రశ్న ఒకటే. "అన్నా, 9 ఎం.ఎం. ఏమన్నా దొరుకుతాదా?"

దొరకదు. 9 ఎం.ఎం. మన చట్టం లెక్కలో నిషిద్ధ బోరు (బోరంటే తుపాకీ గొట్టం లోపలి కొలత). మామూలు పౌరుడికి కలెక్టర్ ఆఫీసులో ఇచ్చే లైసెన్సు మీద అది రాదు. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ గ్లాక్, సిగ్ పిస్టళ్ళు చూసి మనసు పడితే అది చూడటంతోనే సరి. ఇక్కడ మనకు ఎక్కువగా మిగిలేది .32 రివాల్వర్ (తిరిగే సిలిండర్‌లో తూటాలు పెట్టేది), .32 పిస్టల్ (పిడిలో మ్యాగజైన్, అంటే తూటాల డబ్బా పెట్టేది), ఆ కింద .22. రెంటికీ .32 అని పేరున్నా రౌండ్లు వేరు. రివాల్వర్‌లో వేసేది స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, 1896 నాటిది. పిస్టల్‌లో వేసేది ఏ.సి.పి., అమెరికా తుపాకుల రూపకర్త బ్రౌనింగ్ తయారుచేసింది, దాన్నే 7.65 ఎం.ఎం. అని కూడా అంటారు. ఒకదాని రౌండు ఇంకోదాంట్లో వెయ్యకూడదు. ఏది గట్టిదని రాత్రంతా వాదించుకునే వాళ్ళను చూశాను. రెండూ వందేళ్ళు దాటిన ముసలి రౌండ్లే, రెంటి దెబ్బా 9 ఎం.ఎం. దెబ్బలో సుమారు మూడో వంతే. వాటి మధ్య తేడాకు నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు.

చేతిలో ఉన్న రౌండు బలం తక్కువైనప్పుడు, అది తగలాల్సిన చోట తగిలితేనే ఫలితం. తగలాలంటే పిడి చేతికి కుదరాలి, ట్రిగర్ వేలికి అందాలి. అన్నిటికంటే ముందు ఆ పూట అది బీరువాలో కాకుండా నీ ఒంటి మీద ఉండాలి. నాకు తెలిసిన లైసెన్సుదారుల్లో చాలామంది తుపాకులు బీరువాలోనే ఉంటాయి. ఎందుకన్నా అంటే "నడుం నొప్పి పుడ్తాది సామీ" అంటారు. నడుం నొప్పి పుట్టేదాన్ని ఎందుకు కొన్నావని మాత్రం నేను అడగను, పాపం లక్షన్నర పెట్టి ఉంటాడు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం జనం మధ్యకు తీసుకుపోయే చేతి తుపాకీ హోల్‌స్టర్ (తుపాకీ ఒర) లాంటి దాంట్లో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. బయటికి తీసి ఊపితే లైసెన్సుకే ఎసరు. అంటే దాచి మోయడం ఇక్కడ నీ ఇష్టాయిష్టాల సంగతి కానే కాదు, అదే పద్ధతి. మనవాళ్ళలో సగం మంది కొనేదేమో నలుగురికీ కనబడాలని. కుర్చీలో కూర్చోగానే చొక్కా కొస పిడి వెనక్కి జరుపుకునే పెద్దమనుషుల్ని మీరూ చూసే ఉంటారు. ఇక పెండ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చే వీరులకు ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణలో రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టారు. ఆ సవరణతోనే ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. చూపించుకోవడానికి కొనేవాళ్ళకు ఈ పోస్టుతో పని లేదు, ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇప్పుడు చొక్కా. మన సీమ మగవాళ్ళకు తెల్ల చొక్కా యూనిఫాం లాంటిది. టక్ చేయకుండా వదులుగా వేస్తాం కాబట్టి దాని కింద ఏదైనా దాగుతుందని నమ్మకం. పల్చటి తెల్ల లినెన్ ఎండాకాలంలో చెమటకు నడుముకు అతుక్కుపోయిందంటే లోపలి నల్ల పిడి ఎదురింటి వాళ్ళకు కూడా కనబడుతుంది. మందపాటి కాటన్, సన్న గళ్ళో గీతలో ఉన్నది, ఒక సైజు పెద్దది, చెయ్యి పైకెత్తినా నడుము బయటపడనంత పొడుగున్నది కుట్టించుకోవాలి. లోపల బనియన్ తప్పనిసరి, లేకపోతే సాయంత్రానికి పక్క ఒరుసుకుపోతుంది. పంచె కట్టేవాళ్ళు లోపల బెల్టు పట్టే నిక్కరు వేసుకోవాలి. మొలతాడు మీద రివాల్వర్ నిలుస్తుందనుకోవద్దు. బెల్టు గట్టిగా, వెడల్పుగా ఉంటే బరువు నడుమంతా పంచుకుంటుంది. మెత్తటి బెల్టయితే ఒక పక్కకు లాగి లాగి మధ్యాహ్నానికే విసుగు పుట్టిస్తుంది. తుపాకీకి లక్షన్నర పెట్టినవాడు బెల్టు దగ్గర మూడొందలకు బేరమాడతాడు, అదేం లెక్కో నాకు అర్థం కాదు.

బరువు గురించి. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం నుంచి నిర్భీక్ వచ్చింది. టైటానియం మిశ్రమంతో చేసిన .32 రివాల్వర్, బరువు అర కిలో. ఆడవాళ్ళ కోసమని ప్రచారం చేసినందువల్ల మన మగరాయుళ్ళు దాన్ని ముట్టుకోవడానికే సిగ్గుపడ్డారు. 2023లో అదే కాన్పూర్ నుంచి, ఇప్పుడు ఏ.డబ్ల్యూ.ఇ.ఐ.ఎల్. అని పిలిచే ప్రభుత్వ కంపెనీ ప్రబల్ తెచ్చింది. తూటాలు లేకుండానే 700 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, 50 మీటర్ల దాకా పనిచేస్తుందని చెప్పారు. అంతే, ఫోన్లు మొదలయ్యాయి. "50 మీటర్లంట కదన్నా!"

50 మీటర్లు ఏం చేసుకుంటావు నాయనా? అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు ట్యూలర్ 1983లో ఒక లెక్క రాశాడు. కత్తి పట్టుకున్న మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. మన వైపు వచ్చేది వేటకొడవలి, దానికీ ఇదే లెక్క. ఆ ఒకటిన్నర సెకనులో చొక్కా పైకెత్తాలి, తుపాకీ తీయాలి, గురి పెట్టాలి. పని అంతా ఏడు మీటర్ల లోపలే. 50 మీటర్ల అవతల ఉన్న మనిషిని కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు వింటుందా? భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ చదవండి. పోలీసుల్ని ఆశ్రయించడానికి సమయం ఉంటే ఆ హక్కే లేదంటుంది, అవసరానికి మించి హాని చేయకూడదంటుంది. అంత దూరం ఉన్నప్పుడు చేయాల్సింది బండి స్టార్ట్ చేయడం.

ప్రబల్‌లో నాకు నచ్చింది వేరే. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. పాత ఫ్యాక్టరీ రివాల్వర్లను నడిమికి విరిచినట్టు తెరవాలి. ఖాళీ చేసి చూసుకోవడం ప్రబల్‌లో సులువు, రోజూ తీసి పెట్టే మనిషికి అది పెద్ద సుఖం. కానీ ఆ 200 గ్రాముల తేడా నడుము మీద తెలుస్తుంది. .32కు వెనక్కి తన్నే దెబ్బ ఎలాగూ తక్కువే, దాన్ని ఓర్చుకోవడానికి బరువైన తుపాకీ అక్కర్లేదు. సన్నగా ఉండేవాళ్ళకూ, రోజూ బండి మీద తిరిగేవాళ్ళకూ తేలికదే తీసుకొమ్మంటాను, ఎవరు ఎగతాళి చేసినా సరే.

పిస్టలా రివాల్వరా? దాచడానికి పిస్టలే మేలు, పల్చగా ఉంటుంది కాబట్టి ఒంటికి అంటుకుని పడుకుంటుంది. రివాల్వర్ సిలిండర్ బొడిపెలాగా పైకి తేలుతుంది. అయినా నన్ను అడిగేవాళ్ళలో నూటికి తొంభై మందికి రివాల్వరే చెబుతాను, ఎందుకంటే వాళ్ళు సాధన చేయరు. పిస్టల్‌కు స్లయిడ్ (జరిగే పైభాగం) లాగడం, సేఫ్టీ తీయడం, ఇరుక్కుంటే విడిపించడం చేతికి అలవాటై ఉండాలి. మ్యాగజైన్ తీసేశాం కదా, ఖాళీ అయిపోయిందనుకుని ట్రిగర్ నొక్కేవాళ్ళు ఉంటారు. లోపల ఒక రౌండు మిగిలే ఉంటుంది. సైన్యంలోనే కొత్తవాళ్ళకు ఇది మాన్పించడానికి మా తలప్రాణం తోకకు వచ్చేది. రివాల్వర్‌లో ఆ తికమక లేదు. ఒక రౌండు పేలకపోతే మళ్ళీ ట్రిగర్ లాగితే పక్కది వస్తుంది. దాని ట్రిగర్ బరువుగా, పొడుగ్గా ఉంటుందని ఫిర్యాదు చేస్తారు. కంగారులో వేలు తగిలి పేలకుండా కాపాడేది ఆ బరువే కదా.

ఫారిన్ సరుకు పిచ్చి ఇంకోటి. 1980ల నడుమ నుంచి వ్యాపారం కోసం తుపాకుల దిగుమతి ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు చేతులు మారే వాల్తర్‌లు, బెరెట్టాలు దాదాపు అన్నీ పాతకాలపువే. నాకు తెలిసిన ఒకాయన వేరే ఊర్లో ఒక డీలర్ దగ్గర లక్షలు పోసి అలాంటిది కొన్నాడు. మెరుగు పెట్టి కొత్తదానిలా ఉంచారు. మ్యాగజైన్ స్ప్రింగ్ చచ్చిపోయి ఉంది, రెండు రౌండ్లు కాల్చాక మూడోది అడ్డం తిరిగింది. "జర్మనీదన్నా" అని ఇప్పటికీ గర్వంగానే చెబుతాడు. పాత రివాల్వర్ కొన్నవాళ్ళకూ ఒక మాట: వాటిలో కొన్నింటికి కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు ఉండదు. అది ఉందో లేదో తెలిసిన మిస్త్రీకి చూపించండి, లేకపోతే హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచి ఐదే వేసుకోండి.

.22లో నిడర్ అనే చిన్న రివాల్వర్ పావు కిలోనే, జేబులో ఉన్నట్టు కూడా తెలియదు. చేతిలో సత్తువ తగ్గిన పెద్దవాళ్ళకు తప్ప నేను చెప్పను. ఆ రకం రౌండ్లు పేలకుండా పోయే అవకాశం ఎక్కువ.

ఎక్కడ పెట్టుకోవాలనేది చాలామంది సినిమా చూసి నేర్చుకుంటారు. వెన్ను మధ్యలో దోపుకుంటారు. బండి మీద నుంచి వెనక్కి పడితే ఆ ఇనుము నేరుగా వెన్నుపూసకు తగులుతుంది. కుడిచేతి వాళ్ళకు కుడి తుంటి మీద, ఎముకకు కాస్త వెనకగా పెట్టుకుంటే నడకకూ కూర్చోవడానికీ బాగుంటుంది. కారు ఎక్కువగా నడిపేవాళ్ళు సీటు బెల్టు పెట్టుకుని ఒకసారి తీసి చూడాలి (ఇంట్లో, ఖాళీ తుపాకీతో). హోల్‌స్టర్ ట్రిగర్‌ను పూర్తిగా కప్పాలి. తాళంచెవులు, చిల్లర ఉన్న జేబులో తుపాకీ వేసుకునేవాడి పక్కన నేను కూర్చోను. చెమట పట్టిన తోలు తేమను పట్టి ఉంచుతుంది, రాత్రి దాంట్లోనే వదిలేస్తే వారానికి తుప్పు మచ్చలు కనబడతాయి. తీయాలి, పొడిగుడ్డతో తుడవాలి, పల్చగా నూనె రాయాలి, తాళం వేయాలి.

రోజూ మోయడం అంటాం గానీ మన దేశంలో రోజులో ఎన్నిసార్లు విప్పాల్సి వస్తుందో ఆలోచించండి. కోర్టుకు పోతే విప్పాలి. తిరుపతి పోతే అలిపిరి తనిఖీలో దాన్ని పైకి పోనివ్వరు. కారులో పెట్టి తాళం వేసి పోదామంటే, పోయిందంటే కేసు మన మీదికే. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో జమ చేయమంటారు, 2024లో నెలల తరబడి అందరి నడుములూ ఖాళీనే. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఈ తీసి పెట్టే వేళల్లోనే. కాబట్టి హోల్‌స్టర్ కొనేటప్పుడు తుపాకీతో సహా మొత్తంగా ఊడి వచ్చే క్లిప్పు రకం చూసుకోండి, తుపాకీని ఊరికే ముట్టుకునే పని తగ్గుతుంది.

ఇంత చెప్పాక కూడా ఒకటుంది. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని పార్టీ ఆఫీసులో, గన్‌మెన్లు ఉండగానే కాల్చి చంపారు. తుపాకీ పట్టడమే ఉద్యోగమైన వాళ్ళు పక్కనుండగా జరిగింది అది. కాబట్టి నడుము మీద ఒకటి ఉంది కదా అని రాత్రి పూట నగదు సంచితో ఒంటరిగా, రోజూ ఒకే దారిలో పోయేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. వేళ మార్చు, దారి మార్చు, తోడు ఒకణ్ణి పెట్టుకో. దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదు.

సాధన సంగతికి వస్తే అందరి దగ్గరా ఒకే సాకు, దగ్గర్లో కాల్చి నేర్చుకునే రేంజి లేదని. రౌండ్లు ఖరీదని ఇంకో సాకు. సరే, ఇంట్లో చేయొచ్చు కదా. రౌండ్లన్నీ తీసి వేరే గదిలో పెట్టి, రెండుసార్లు ఖాళీ చూసుకుని, పేలని డమ్మీ రౌండ్లు వేసుకుని, అవతల మనుషులు లేని గట్టి గోడ వైపు తిరిగి, చొక్కా ఎత్తడం, పిడి పట్టడం, ట్రిగర్ మెల్లగా లాగడం. రోజూ పది నిమిషాలు. లైసెన్సు ఇచ్చేటప్పుడు శిక్షణ సర్టిఫికెట్ అడుగుతున్నారు, బాగుంది. ఐదేళ్ళకోసారి రెన్యువల్ నాడు కూడా కాగితాలతో పాటు, వేసుకొచ్చిన చొక్కా కింద నుంచే తీసి ఏడు మీటర్ల దూరంలో ఐదు రౌండ్లు కాల్చి చూపించమంటే నేను చాలా సంతోషిస్తాను. సగం మంది ఆ రోజే తెచ్చి స్టేషన్‌లో అప్పగించేస్తారని నా అనుమానం.