లారీ ఎయిర్ హారన్ గారికి, కర్నూలు నుంచి ఒక బీపీ పేషెంటు

మహారాజశ్రీ ఎయిర్ హారన్ గారికి,

తమరు క్షేమమని తెలుసు, నిన్న రాత్రి రెండుంబావుకి మా కిటికీ కిందే విన్నాం.

ఈరోజు సగం దినం ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటే నా బీపీ 150/96 అని తేలింది. డాక్టరు గారు అడిగిన మొదటి మాట, 'ఊరగాయ తింటారా?' కర్నూలోణ్ణి పట్టుకుని ఆ మాట అడగడమేందప్పా! చీటీలో ఉప్పు తగ్గించాలి, ఊరగాయ మానేయాలి, బాగా నిద్రపోవాలి అని రాసిచ్చారు. 44వ నంబరు హైవే పక్కన ఇల్లు పెట్టుకున్నోడికి నిద్ర ఏ మెడికల్ షాపులో దొరుకుతుందో మాత్రం రాయలేదు. తమరి పేరు అందులో ఎక్కడా లేదు.

పడుకుంటే రాత్రి బీపీ తగ్గాలంట. కానీ మనం నిద్రపోయినా చెవి నిద్రపోదు, మోత వినపడగానే మెలకువ రాకున్నా గుండె దడదడలాడి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. 2008లో బయటికొచ్చిన ఒక పరిశోధనలో, యూరప్‌లో విమానాశ్రయాల దగ్గరుండే 140 మందికి నిద్రలో బీపీ మిషన్లు కట్టి చూస్తే, విమానం మోత వచ్చినప్పుడు పై నంబరు సగటున 6 పాయింట్లు లేచిందంట. వాళ్లెవరూ మా ఊరగాయ తిన్నోళ్లు కాదు సామీ.

పొద్దున, రాత్రి బీపీ చూసి పుస్తకంలో రాసి తెమ్మన్నారని కొత్త మిషన్ కొన్నాను. సాయంత్రం పట్టీ చుట్టుకుని, కాళ్లు నేలకానించి, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ కూర్చున్నాను. అది బుస్సుమని బిగుస్తుండగా తమరు ఏడు స్వరాలూ పలికించారు. 168! 'కదలొద్దని చెప్పినారు కదండీ' అని మా ఆవిడ నామీదే ఎగిరింది. పుస్తకంలో 168 పక్కన 'హారన్' అని రాసిపెట్టాను, సాక్ష్యానికి.

ఇళ్ల దగ్గర రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మోత 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లోనే రూలు పెట్టారు. తమరికి చదువు రాదు, సరే, బటన్ నొక్కే మనిషికి? వీధిలో సైలెన్సర్ పీకేసిన బుల్లెట్ల సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తా.

ఖాళీ రోడ్డు మీద, అర్ధరాత్రి, ఎదురుగా కుక్క కూడా లేనప్పుడు ఎవర్ని తప్పుకోమంటున్నావురా నువ్వు? రోజుకో లారీ ఎక్కి వస్తావు, గొంతు మాత్రం అదే. చేసేది నువ్వు, మా ఇంట్లో అటక ఎక్కింది గోంగూర జాడీ!

ఈ రాత్రీ వస్తావని తెలుసు. నిచ్చెన వేసి జాడీ దించి పెట్టుకున్నా, వేడన్నం కూడా ఉంది. రెండుంబావుకి నువ్వు కూయి, నేను ముద్ద కలుపుకుంటా.