కోనసీమ పచ్చదనాన్ని రాతకోతలతో కాపాడగలమా?

కోనసీమలో ఒక రైతు పొలంలో రొయ్యల చెరువు తవ్వితే పక్క తోటకు మొదట తెలిసేది ఉప్పే. గట్టు అడుగు నుంచి ఊట దిగుతుంది, చెరువు ఖాళీ చేసిన నీరు మురుగు కాల్వలో కలుస్తుంది. మట్టి ఈసీ (నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటితే అది పాలచౌడు, అంటే ఉప్పునేల. ఇక వరి దిగుబడి తగ్గుతుంది, ఆ రైతూ చెరువుకే లీజుకిస్తాడు. కోరంగి మడ అడవికి 1978 నుంచి అభయారణ్యం హోదా ఉంది. సినిమాల్లో చూపించే కొబ్బరితోటలకూ లంకలకూ ఏముంది? చాలావరకు పట్టాదారు మనసే.

ఇలాంటి ప్రైవేటు భూముల కోసమే అమెరికాలో ల్యాండ్ ట్రస్టులు వచ్చాయి. మసాచుసెట్స్‌లో 1891లోనే ఒకటి పుట్టింది. అవి భూమిని కొంటాయి, లేదా దానంగా తీసుకుంటాయి. ఇంకో పద్ధతిలో భూమి యజమానిదే, దాన్ని ప్లాట్లు చేసే హక్కును మాత్రం శాశ్వతంగా వదులుకున్నట్టు రాసిస్తాడు. తర్వాత ఎవరు కొన్నా షరతు భూమి వెంటే పోతుంది.

ఈ రెండో పద్ధతి ఇక్కడ ఉన్నదున్నట్టుగా కుదరదు. మన 1882 ఈజ్‌మెంట్ల (పరుల భూమి మీద ఉండే పరిమిత హక్కుల) చట్టంలో అలాంటి హక్కు ఒక భూమి అనుభవం కోసం మరో భూమి మీద ఉండాలి. దగ్గర్లో సెంటు నేల కూడా లేని ట్రస్టుకు అది దక్కదు. ఆస్తి బదిలీ చట్టం 40వ సెక్షన్‌దీ దాదాపు అదే దారి. కాబట్టి ట్రస్టు ముందు నడిమధ్య కొంత భూమి కొనాలి, దాని రక్షణకని ఇరుగుపొరుగు రైతులతో షరతు రాయించి రిజిస్టర్ చేయించాలి. షరతు సంగతి తెలియక డబ్బు పెట్టి కొన్నవాడిని అది కట్టేయలేదు మరి. ఇంకో మెలిక: ‘చెరువు తవ్వను’ అన్నది నిలుస్తుంది కానీ, ‘మడ మొక్కలు పెంచుతాను’ అన్నది తర్వాతి యజమానికి అంటదు.

వన్యప్రాణి చట్టానికి 2002లో చేసిన సవరణతో కమ్యూనిటీ రిజర్వు, అంటే ప్రైవేటు భూమిని వన్యప్రాణుల రక్షణకు కేటాయించే పద్ధతి, వచ్చింది. యజమాని ఇష్టపడితేనే ప్రకటిస్తారు. ఆ తర్వాత కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూ వినియోగం మార్చకూడదు. చట్టపరంగా గట్టిదే, కానీ రైతు సంతకం పెట్టడు. కొల్లేరులో జిరాయితీ (సొంత పట్టా) భూములు అభయారణ్యంలో చిక్కుకున్న తీరు చూశాక ఆ భయాన్ని తప్పుపట్టలేం.

ఏ పద్ధతైనా విడి సర్వే నంబర్లు తీసుకోవడం డబ్బు దండగ. ఒకే మురుగు కాల్వ కిందున్న రైతులంతా కలిసి రావాలి. ఒప్పందం రోజునే హద్దురాళ్లు, తూముల మట్టం, నాలుగు మూలల ఫొటోలు, మే నెల మట్టి, బోరు నీటి పరీక్షలు రికార్డు చేయాలి. లేకపోతే ఉప్పు ఎప్పుడు ఎక్కిందో కోర్టులో తేలదు. భూమి కొనేటప్పుడే వకీలు ఫీజుకూ, ఏటా తనిఖీకీ విడిగా నిధి పెట్టాలి. దాతలు భూమికి ఇచ్చినంత సులువుగా ఈ ఖర్చుకు ఇవ్వరు.